అరటి బోదె, అనాస ఆకు, చెరకు పిప్పి: బట్టకు ఏ వ్యర్థం, ఏ పద్ధతి?

గెల కొట్టేశాక నేలకూలే అరటి బోదె, కాయ తెంపాక మిగిలే అనాస ఆకులు, కొబ్బరి పీచు, చెరకు పిప్పి, వరిగడ్డి, మొక్కజొన్న పొత్తుల మీది పొరలు. వీటన్నిట్లోనూ సెల్యులోజ్ ఉంది కాబట్టి అన్నిటితోనూ బట్ట నేయొచ్చని ప్రచారం జోరుగా సాగుతోంది. అందులో అబద్ధమేమీ లేదు. అయితే కొన్నిటి నుంచి నారను నారగానే తీసుకోవచ్చు. కొన్నిటిని రసాయనాల్లో కరిగించి కొత్తగా దారం తీయాలి. ఇంకొన్నిటిని చాపకో పట్టాకో వాడుకుని ఊరుకోవడమే తెలివి. ఈ మూడిట్లో మీ చేతిలో ఉన్నది ఏ రకమో తేలకుండా యంత్రం కొంటే, ఆ యంత్రం కూడా వ్యర్థాల్లోకే చేరుతుంది.

ఎంపికకు దిగేవాళ్లు సాధారణంగా మొక్క దగ్గర మొదలుపెడతారు. అరటి ఎక్కువగా దొరుకుతోంది, దాంతో ఏం చేయొచ్చు అని అడుగుతారు. నేనైతే ఆ వరసను తిరగేస్తాను. కావలసింది ఒంటిమీద వేసుకునే గుడ్డా, పరదానా, సంచా, నేలమీద పరిచేదా? అది తేలితే నూలు ఎంత సన్నగా ఉండాలో తెలుస్తుంది. దాన్నిబట్టి నార ఎంత సన్నబడాలో, నారను అతికించి ఉంచే జిగురు ఎంత తీయాలో తెలుస్తాయి. మొక్క పేరు వంతు ఆ తరవాతే.

నూలు లెక్క

వెయ్యి మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే దాని మందం అన్ని టెక్స్. పత్తి పోగు సుమారు 0.17 టెక్స్ ఉంటుంది. యంత్రం మీద తీసిన అనాస నార, ఇంకా జిగురు తీయనిది, 2 టెక్స్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అరటి నార మామూలుగా దానికన్నా ముతక. వడికిన నూలు తెగకుండా నిలవాలంటే ఎక్కడ కోసి చూసినా అడ్డుకోతలో కొన్ని పదుల పోగులుండాలి. లెక్క కోసం 80 అనుకుందాం. పత్తి పోగులు 80 కలిస్తే 13.6 టెక్స్, అంటే దాదాపు 43 నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం). అనాస నారలు 80 కలిస్తే 160 టెక్స్, అంటే నాలుగో నంబరు కూడా కాదు. దాంతో గోనె సంచి అవుతుంది కానీ చొక్కా గుడ్డ కాదు. పంట వ్యర్థాల బట్టల గురించి చదివే ఏ వార్తనైనా ముందు ఈ లెక్కలో పెట్టి చూడండి.

ఒక్క మినహాయింపు ఉంది, అదీ అందమైనది. అసలు వడకడమే మానేస్తే? ఒకే నారను దారంగా వాడి, కొసకు కొస ముడేసుకుంటూ పోతే, 2 టెక్స్ నార 295 నంబరు దారంతో సమానం. మిల్లు నూలులో మామూలుగా కనిపించని సన్నదనం అది. ఫిలిప్పీన్స్‌లోని అక్లాన్ ప్రాంతంలో నేసే పీన్యా బట్ట గాజుతెరలా ఉండటానికి కారణం ఇదే. అక్కడ అనాస ఆకును పగిలిన పింగాణీ పెంకుతో గీకి పైపొర ముతక నారను తీసేస్తారు, దాని కింద దొరికే సన్న నారను ముడేసి నేస్తారు. ఆ నేతను 2023లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. జపాన్‌లో ఒకినావా దీవి కిజోకా గ్రామంలో అరటి జాతి మొక్క బోదెను బూడిద నీళ్లలో ఉడికించి, నార చీల్చి, ముడేసి బషోఫు అనే బట్ట నేస్తారు. రెండూ చేతిపనులే, రెండిటికీ నెలలు పడుతుంది. ఈ దారి ఎంచుకునేవాళ్లు బట్టను కాదు, నేర్పును అమ్ముతారు. ఆ నేర్పు ఉన్న చేతులూ, దాని విలువ తెలిసి కొనేవాళ్లూ మీ దగ్గర ఉంటే యంత్రాల గొడవే అక్కర్లేదు. లేకపోతే ఇది మ్యూజియంలో చూసి సంతోషించాల్సిన దారి.

జిగురు శత్రువా, మిత్రుడా

మనం నార అని పిలిచేది నిజానికి ఒక కట్ట. చిన్న చిన్న కణాలు పెక్టిన్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్‌లతో అతుక్కుని పొడుగాటి నారలా కనిపిస్తాయి. ఆ జిగురు వల్లే నార బిరుసుగా ఉంటుంది, గుచ్చుకుంటుంది, రంగు సరిగా పట్టదు. అందుకే తీసేయాలంటారు. ఎంత తీయాలన్నది మాత్రం ఒంటి కణం పొడవును బట్టి ఉంటుంది. చాలా సలహాల్లో ఈ మాటే కనపడదు.

రామీ అనే కాడ నార మొక్క కణం 120 మిల్లీమీటర్లు దాటుతుంది. దాని జిగురంతా కడిగేసినా వడకడానికి పోగు మిగులుతుంది. అవిసె కణం సగటున 25 నుంచి 30 మిల్లీమీటర్లు, పత్తి పొడవుకు దగ్గర. కాబట్టి గింజ కోసం పండించిన అవిసె కాడల నారను పూర్తిగా విడగొట్టి పత్తితో కలిపి వడకొచ్చు, గంజాయి జాతి కాడ నార అయిన హెంప్‌ను కూడా దాదాపు అంతే. అనాస, అరటి, జనపనార సంగతి వేరు. వీటి కణాలు కొద్ది మిల్లీమీటర్లే. జనపనారలో అయితే 2, 3 మిల్లీమీటర్లు. వీటి జిగురు పూర్తిగా తీస్తే చేతికొచ్చేది నార కాదు, కాగితపు గుజ్జు. సగంలో ఆపాలి. కట్ట సన్నబడాలి కానీ విడిపోకూడదు. ఎక్కడ ఆపాలో తెలిసినవాడే ఈ పనిలో నిపుణుడు.

ఆపాల్సిన చోటు తెలుసుకోవడానికి ప్రయోగశాలే కావాలని లేదు, మంచి తక్కెడ చాలు. నారను ఎండబెట్టి తూచండి, జిగురు తీశాక మళ్లీ అంతే ఎండబెట్టి తూచండి. తగ్గిన బరువు ఆ నారలో మొత్తం జిగురు శాతానికి దగ్గరపడుతున్నా ఇంకా ఉడికిస్తూంటే, మీరు సెల్యులోజ్‌ను కాలవలోకి పంపుతున్నట్టే. దానితోపాటు ఒక్కో నారను లాగి చూస్తూ పోతే బలం ఎక్కడ ఉన్నట్టుండి పడిపోతోందో తెలిసిపోతుంది.

జిగురు తీయడం: నాలుగు దారులు

ఊరబెట్టడం అన్నిటికన్నా పాతది, చవకైనది. నీళ్లలో ముంచితే బ్యాక్టీరియా, మంచులో ఆరుబయట పరిస్తే బూజు, పెక్టిన్‌ను తినేస్తాయి. కాడల నారలకు ఇది బాగా కుదురుతుంది. కాడను మధ్యలో విరిచి లాగితే నార చివరిదాకా తేలిగ్గా ఊడి రావాలి, అంతవరకే ఊరాలి. ఒకటి రెండు రోజులు ఎక్కువైతే నార బలహీనమవుతుంది. ఇబ్బంది నీళ్లతోనే. ఊరిన నీరు కంపు కొడుతుంది, అందులోని ప్రాణవాయువంతా కుళ్లుకే ఖర్చయిపోతుంది, దాన్ని చెరువులోకి వదిలితే చేపలు చస్తాయి. ప్రతి విడతా ఒకేలా రాదు కూడా. ఇవాళ్టి నార బంగారు రంగులో ఉంటే వచ్చే వారం నార బూడిద రంగులో ఉండొచ్చు. ఒకే రంగు, ఒకే మెత్తదనం అడిగే కొనుగోలుదారుకు ఈ సరుకు ఇచ్చి ఒప్పించడం కష్టం.

కాస్టిక్ సోడాతో ఉడికించడం వేగంగా అయిపోతుంది, ప్రతిసారీ ఒకేలా వస్తుంది. కొద్ది శాతం గాఢత, మరిగే వేడికి దగ్గరి వేడి, గంట రెండు గంటల సమయం చాలు. తరవాత బాగా కడిగి, పలచని ఎసిటిక్ ఆమ్లంతో క్షారం విరిచేయాలి. గాఢత పెంచితే పని ఇంకా బాగా అవుతుందన్న ఆశ చాలామందికి పుడుతుంది. పది శాతం దాటాక సెల్యులోజ్ స్ఫటిక నిర్మాణమే మారడం మొదలవుతుంది, నార కుంచించుకుపోతుంది, హెమీసెల్యులోజ్ దాదాపు మిగలదు. ఇక నల్లటి కషాయం లాంటి మిగులు నీటిని ఏం చేయాలో పొయ్యి వెలిగించే ముందే ఆలోచించాలి. క్షారం కొంత చేర్చి అదే నీటిని మరో ఒకటి రెండు విడతలకు వాడుకోవచ్చు. కాస్టిక్ సోడాకు బదులు కాస్టిక్ పొటాష్ వాడితే, మిగులు నీటిని ఆమ్లంతో విరిచి పొటాషియం ఎరువుగా మళ్లించే వీలుంది. ఖర్చు ఎక్కువే, కానీ శుద్ధి కేంద్రం లేని చోట పరిశీలించదగ్గ మార్గం. శుద్ధి ఏర్పాటు లేదు, పొటాష్ ఆలోచన కూడా లేదు అంటే, నా ఉద్దేశంలో క్షారం జోలికి వెళ్లకూడదు.

ఎంజైముల పేరు వినగానే పర్యావరణం అంటారు. ఆ పేరు చాలావరకు తగినదే. పెక్టిన్‌ను విరగ్గొట్టే ఎంజైము పెక్టినేజ్ గోరువెచ్చని నుంచి 60 డిగ్రీల లోపు వేడిలో పనిచేస్తుంది. సెల్యులోజ్‌ను ముట్టదు, అంటే నార బలం నిలుస్తుంది. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు రెండు. అది పనిచేసే పీహెచ్ ఎంత? ఎందుకంటే ఆమ్లంలో పనిచేసేవీ ఉన్నాయి, క్షారంలో పనిచేసేవీ ఉన్నాయి. రెండోది, అందులో సెల్యులోజ్‌ను విరగ్గొట్టే సెల్యులేజ్ కలిసి ఉందా? ఉంటే మెత్తదనంతో పాటు తెగిపోవడం కూడా బోనస్‌గా వస్తుంది. పెక్టిన్ గొలుసుల్ని క్యాల్షియం పట్టి ఉంచుతుంది కాబట్టి కఠిన జలంలో పని మందగిస్తుంది. క్యాల్షియంను లాగేసే పదార్థం కొంచెం కలిపితే తేడా స్పష్టంగా కనపడుతుంది. ఎంజైముకూ హద్దుంది. పెక్టినేజ్ లిగ్నిన్‌ను కదిలించలేదు. లిగ్నిన్ తక్కువున్న అవిసెకు ఇది చక్కని ఎంపిక. అరటికి, అనాసకు అయితే పలచని క్షారపు స్నానం ఒకటి ముందో వెనకో తప్పదు. అయినా మొత్తం క్షారం వాడకం బాగా తగ్గుతుంది. అనాస, అరటి నారలతో పని మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఈ రెండూ కలిపిన దారే.

నాలుగోది ఆవిరి పేలుడు. తడిపిన నారను మూసిన పాత్రలో సుమారు 200 డిగ్రీల ఆవిరిలో, అంటే గాలి పీడనానికి 15 రెట్ల ఒత్తిడిలో, కొద్ది నిమిషాలు ఉంచి ఒక్కసారిగా వదిలేస్తారు. లోపలి నీరు ఆవిరై ఉబికి కట్టలను చీల్చేస్తుంది. రసాయనాలు తక్కువ, ఫలితం దూది లాంటి పొట్టి పోగు. అవిసె, హెంప్‌లను పత్తి యంత్రాల మీద నడిపించాలనుకునే పెద్ద మిల్లుకు తగినది. బాయిలరు, పీడన పాత్ర, వాటిని నడిపే శిక్షణ పొందిన మనుషులు లేని చిన్న కేంద్రం దీని గురించి చదువుకుని పక్కన పెట్టేయొచ్చు.

తెల్లబరచడం గురించి ఒక్క మాట. క్లోరిన్ బ్లీచింగ్ వద్దు. లిగ్నిన్‌తో కలిసి విషపు క్లోరిన్ సమ్మేళనాలు తయారవుతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు, నీటిలో ఇనుము లేకుండా చూసుకోండి. ఉంటే పెరాక్సైడ్ వేగంగా విరిగిపోతూ నారకు చిల్లులు పెడుతుంది. లిగ్నిన్ కొంత మిగిలిన బట్ట ఎండకు పసుపెక్కుతుంది, కాబట్టి మంచు తెలుపు కోసం పోరాడే బదులు లేత గోధుమ రంగునే అందంగా అమ్ముకోవడం మేలు.

నార తీసే చోటు

అరటి బోదెలో తొంభై శాతానికి పైగా నీరే. ఎండు నార లెక్కన చేతికొచ్చేది నూటికి ఒక వంతు దరిదాపు. అనాస ఆకులోనూ నూటికి రెండు మూడు వంతులే. బోదెలను లారీకెత్తి కర్మాగారానికి తోలడమంటే డబ్బిచ్చి నీళ్లు మోయించడమే. నార తీసే యంత్రమే తోటకు వెళ్లాలి, పిప్పీ రసమూ అక్కడే ఎరువు కావాలి. ఆలస్యం చేయకూడదు కూడా. కోసిన ఆకు ఎండితే జిగురు గట్టిపడి నార చెక్కల్లా విరుగుతుంది. అరటి రసం గాలి తగిలి నల్లబడితే ఆ మరక వదలదు. బోదెలో బయటి పట్టలు ముతక, లోపలివి సన్నగా మెరుస్తాయి. రెంటినీ మొదట్లోనే వేరుచేస్తే బయటివి తాళ్లకు, లోపలివి బట్టకు పోతాయి. కలిపేశాక విడదీయడం ఎవరి వల్లా కాదు.

నార రాని వ్యర్థాలు

చెరకు పిప్పి, వరిగడ్డి, గోధుమ గడ్డి కణాలు మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర. వీటిని వడకడం గురించి ఆలోచించకండి. బట్ట కావాలంటే సెల్యులోజ్‌ను శుద్ధిచేసి కరిగించాలి. 1892లో పేటెంటు పొందిన విస్కోస్ పద్ధతిలో క్షారం, కార్బన్ డైసల్ఫైడ్ వాడి కరిగించి, గంధకామ్లపు తొట్టిలో దారంగా సాగదీస్తారు. కార్బన్ డైసల్ఫైడ్ నరాలను దెబ్బతీసే విషం, కార్మికులు దాని బారిన పడిన చరిత్ర పొడవైనది. లయోసెల్‌లో ఎన్‌ఎమ్‌ఎమ్‌ఓ అనే ద్రావణిలో నేరుగా కరిగిస్తారు, ఆ ద్రావణిని 99 శాతానికి పైగా తిరిగి పట్టుకుంటారు. రెండిట్లో ఎంచుకోమంటే సందేహం లేకుండా లయోసెల్. కానీ రెండూ చిన్న కేంద్రాలు చేసే పనులు కావు. ఇక్కడ మీ పాత్ర గుజ్జు అమ్మడం వరకే.

అందులోనూ వ్యర్థం వ్యర్థానికీ తేడా. చెరకు పిప్పిలో మూడో వంతు దాకా బెండు ఉంటుంది, ముందు దాన్ని జల్లించాలి. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, అది గుజ్జు మిల్లు గొట్టాల్లో పేరుకుని రసాయనాల పునర్వినియోగాన్నే అడ్డుకుంటుంది. వీటన్నిటికన్నా శుభ్రమైన ముడిసరుకు పత్తి గింజలకు అంటుకుని ఉండే నూగు. క్యూప్రో అనే మెత్తటి లైనింగ్ గుడ్డ దాని నుంచే వస్తుంది. దొరికితే మిగతావాటి జోలికి పోనక్కర్లేదు.

కొబ్బరి పీచు మరో కొస. లిగ్నిన్ 40 శాతం పైగా ఉంటుంది, అందుకే మట్టిలోనూ నీళ్లలోనూ త్వరగా కుళ్లదు. దాన్ని మెత్తబరచి ఒంటిమీదకు తేవాలని తంటాలు పడటం దాని గుణాన్ని పాడుచేయడమే. చాపలు, వాలు నేల కోతను ఆపే వలలు, పరుపుల పట్టాలు దాని సొంత రాజ్యం. మొక్కజొన్న పొరలది మధ్య దారి. పలచని క్షారంతో వీటి నుంచి లిగ్నిన్ తక్కువున్న, పత్తితో కలపదగ్గ నార తీయొచ్చని అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో చూపించారు. పొరలను శుభ్రంగా, పెద్ద మొత్తంలో పోగుచేసే ఏర్పాటు ఉంటే ప్రయత్నించవచ్చు.

మీ పరిస్థితికి ఏది

చేనేత కేంద్రమైతే: పడుగు (నిలువు దారాలు) పత్తిదే ఉంచి, పేకలో (అడ్డ దారాల్లో) అరటి లేదా అనాస నార వాడండి. పడుగు అచ్చులో రాపిడిని, లాగుడును భరించాలి. పేకకు ఆ బాధ లేదు. ముతక నార కూడా పేకలో అందంగా కూర్చుంటుంది, పరదాలు, శాలువలు, బల్ల గుడ్డలు బాగా వస్తాయి.

నూలు మిల్లయితే నారను 35, 40 మిల్లీమీటర్లకు కత్తిరించి, సగం జిగురు తీసి, పత్తిలో 20 నుంచి 30 శాతం కలిపి రోటర్ రకం వడుకు యంత్రం మీద నడపండి. రింగ్ రకం వడుకు యంత్రానికి పోగులన్నీ ఇంచుమించు ఒకే పొడవు ఉండాలి, పొట్టి పోగులు కలిసిన సరుకును రోటర్ మెరుగ్గా భరిస్తుంది. శాతం పెంచి పేరు సంపాదించాలన్న తొందరలో నూలు తెగుళ్లు పెరుగుతాయి.

నీళ్లు తక్కువ, శుద్ధి లేదు, కానీ వ్యర్థం గుట్టలుగా ఉంది అంటే నూలును మరిచిపోండి. సూదులతో గుచ్చి పట్టా చేసే పద్ధతికి నార సన్నదనం అక్కర్లేదు, నీళ్లూ దాదాపు అక్కర్లేదు. నా లెక్కలో ఎక్కువమందికి సరిపోయేది ఇదే, ఎవరూ మొదట అడగనిదీ ఇదే.

కొనేవాళ్లు చూడాల్సినవి

మొక్క ఏదైనా కరిగించి తీసిన దారం విస్కోసో లయోసెలో అలాంటిదే, ఆ మొక్క నార కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009 నుంచి ఇదే విషయం మీద వ్యాపారుల వెంటపడింది: రేయాన్‌ను, అంటే విస్కోస్ లాంటి కరిగించి తీసిన దారాన్ని, వెదురు బట్టగా అమ్మడం తప్పని. అరటి పట్టు, గులాబీ నార లాంటి పేర్లతో వచ్చే మెరిసే దారాలను అదే కంటితో చూడండి. కాల్చి చూసే పరీక్ష ఇక్కడ పనికిరాదు, ఏ సెల్యులోజ్ అయినా కాగితం కాలిన వాసనే వస్తుంది. దారాన్ని తడిపి లాగండి. నిజమైన అవిసె, పత్తి నారలు తడిస్తే బలపడతాయి, మామూలు విస్కోస్ తన బలంలో పెద్ద భాగం పోగొట్టుకుని సులువుగా తెగుతుంది. పోగు ఎక్కడా మందం మారకుండా, ఎంత లాగినా కొస దొరకనంత పొడవుగా ఉంటే అది ఆకు నుంచి నేరుగా వచ్చింది కాదు. ఆకుతో చేసిన తోలు కొంటుంటే పైపూత దేనిదో అడగండి. అనాస ఆకు పట్టాల మీద పాలియురెథేన్ పూత పూసినవి ఉన్నాయి, అలాంటిదాన్ని మట్టిలో కలిసిపోతుందని అమ్మితే నమ్మకండి.